ఊడలకు కట్టిన దారాలు

పోయినవి లెక్కిస్తే ముప్పై ఆరు వేరుశనగ మొక్కలు, సోలెడు విత్తనం, అమ్మ వానాకాలమంతా పడ్డ కష్టం. రైల్వే ప్లాట్‌ఫారం మీద ఉడికిన కాయల వాసన తగిలితే ఈ లెక్క మొదలవుతుంది.

ఎరువు ఖర్చు లేని పంట అని లాల్‌ఖదాన్‌లో మా రైల్వే క్వార్టర్ వెనక అమ్మ వేరుశనగ వేసింది. విత్తనం పక్కింటి అత్తది. పంట రాగానే రెట్టింపు తిరిగివ్వాలి. పూలు వాడాక సన్నటి ఊడలు మట్టివైపు దిగాయి. మొక్క వాలిపోతోందనుకుని, కనబడిన ఊడనల్లా పైకెత్తి కొమ్మకు దారంతో కట్టాను.

కోతకాలానికి పీకితే కాయల్లేవు; ఊడ మట్టిలో దిగితేనే కాయవుతుందట.

“ఏటే ఈ దారాలు?” అంది అమ్మ.

“పువ్వు పైన పూసింది కదా, కాయ మట్టిలోకెందుకెళ్తాదమ్మా?”

అత్త నవ్వింది. “అచ్ఛా, జడలేసే సరదా మొక్కల మీద తీర్చుకుంది. వచ్చే ఏడు ఇద్దువులే, వదినా.”

అమ్మ తిట్టలేదు. నా ప్రశ్నకు జవాబు ఆమెకూ తెలియదేమోనని ఇప్పుడనిపిస్తుంది. మరుసటి పంటకు ముందే అత్తవాళ్లకు బదిలీ అయింది. రెండు సోలలు ఇంకా బాకీ.