కళ్ళు తెల్లగానే ఉన్నాయి

మా అన్నయ్యకు రొయ్య లివరు చూడటం వచ్చు. రాజోలు దగ్గర మా చెరువులో రోజూ పొద్దున్నే మేత తిన్నాయో లేదో చూసే ట్రేను పైకి లాగి, ఒక రొయ్యను వేళ్ళ మధ్య పట్టుకుని ఎండకు ఎత్తుతాడు. తలలో ముదురు ముద్దలా కనిపించేదే దాని లివరు. అది పాలిపోయి ఉంటే ఆ రోజు అన్నయ్యను ఎవరూ పలకరించకూడదు. ల్యాబులో వైరస్ పరీక్ష చేయించకుండా రొయ్యపిల్లను చెరువులో వదలడు. పీతలు రాకుండా చుట్టూ వల, కొంగలు వాలకుండా పైన తీగలు. ఇంత జాగ్రత్త మనిషి తన లివరు సంగతి మాత్రం అద్దంలో చూసుకుని తేల్చేశాడు.

కొన్నేళ్ళ క్రితం బంధువు ఆపరేషనుకు రక్తం ఇస్తానని వెళితే, హెపటైటిస్ బి ఉందని వెనక్కి పంపారు. అమలాపురంలో డాక్టరమ్మగారు మాత్రలు రాసి, రోజూ వేసుకోమన్నారు, ఆరు నెలలకోసారి స్కానుకు రమ్మన్నారు. కానీ మా వైపు లివరు జబ్బంటే పచ్చకామెర్లు, కామెర్లంటే కళ్ళు. అమ్మ బతికుండగా, ఏమాత్రం నలతగా ఉన్నా మమ్మల్ని వాకిట్లో ఎండలో నిలబెట్టి, బొటనవేలితో కింది రెప్ప లాగి చూసేది. తెల్లగా ఉంటే బడికి పొమ్మనేది. అన్నయ్య ఆ పద్ధతే నమ్ముకున్నాడు. పి.గన్నవరం వైపు ఎవరో ఆకుపసరు పోస్తారంటే వెళ్ళి తాగి, ఉప్పులేని పథ్యం చేసి, అద్దంలో రెప్ప లాగి చూసుకుని, తగ్గిపోయిందన్నాడు. మాత్రలు మానేశాడు. రాని కామెర్లకు మందు తాగి, అవి తగ్గాయని చెప్పుకున్న మనిషి మా అన్నయ్య ఒక్కడే అయ్యుంటాడు. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఒళ్ళు మండుతుంది.

ఈ ఏడాది అన్నయ్యకు తిండి తగ్గింది. కుడి డొక్కలో బరువన్నాడు. నేనే పోట్లాడి అమలాపురం తీసుకెళ్ళాను. స్కానులో గడ్డ కనిపించింది. క్యాన్సరన్నారు.

"ఒంట్లో ఏ బాధా లేదు కదండీ ఇన్నాళ్ళూ. కళ్ళు కూడా తెల్లగానే ఉన్నాయండి," అన్నాడు అన్నయ్య.

డాక్టరమ్మగారు విసుక్కోలేదు. "ఈ వైరస్ కణాన్ని వెంటనే చంపదండి. అందులో కాపురం పెట్టి, దాని తిండి తీరు మార్చేస్తుంది. చక్కెరను గబగబా వాడిస్తుంది, కొవ్వు పేర్పిస్తుంది. అదంతా తన సంతానం పెంచుకోడానికి. మన ఒళ్ళు దానితో పోరాడుతుంటే కణాలు చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి, మచ్చలు పడుతుంటాయి. ఏళ్ళ తరబడి అలా జరిగాక, ఎక్కడో ఒక కణం ఆగడం మర్చిపోతుంది. అది పెరగడానికి కావలసిన తిండి ఏర్పాటు అప్పటికే జరిగిపోయి ఉంటుంది."

అన్నయ్య తన చెరువు లెక్కలో చెప్పుకున్నాడు. "మేత మనం వేత్తాం, పెరిగేది ఇంకోటన్నమాట. ఆయ్."

తర్వాత మెల్లగా అడిగాడు. "చెరువులో వైరస్ కనపడితే ఆ పూటే వల దింపి రొయ్యలన్నీ పట్టేత్తామండి. ఈ గడ్డనెప్పుడు తీసేత్తారండి?"

"గడ్డ కోసి తీస్తే మిగతా లివరు తట్టుకోవాలి కదండీ. మచ్చలు బాగా పడ్డాయి. వచ్చే వారం పరీక్షలయ్యాక చెప్తాను," అన్నారావిడ. నావైపు తిరిగి, ఇది పుట్టుకలో అమ్మ నుంచి వచ్చి ఉండొచ్చనీ, నేనూ రక్తపరీక్ష చేయించుకోవాలనీ చెప్పారు. అమ్మ పొట్ట ఉబ్బి చనిపోయింది. అప్పుడూ మేం కళ్ళే చూశాం.

తిరిగొస్తూ చెరువు దగ్గర ఆగుదామన్నాడు. ట్రే లాగి, రొయ్యను ఎండకెత్తి, "లివరు బాగుంది," అన్నాడు. నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి.

"దానిది రోజూ చూస్తావు. నీది చూసుకోవద్దా అన్నయ్యా?"

అన్నయ్య రొయ్యను నీళ్ళలో వదిలి, చెయ్యి లుంగీకి తుడుచుకుని నా దగ్గరికొచ్చాడు. నా ముఖం ఎండవైపు తిప్పి, అచ్చం అమ్మలాగే, బొటనవేలితో నా రెప్ప కిందికి లాగాడు. చాలాసేపు చూశాడు.

"తెల్లగానే ఉందమ్మా," అన్నాడు. వెంటనే చెయ్యి తీసేశాడు. "ఇలా కాదులే. రేప్పొద్దున్నే నేను తీసుకెళ్తాను. పరీక్షకు రక్తం ఇద్దువుగాని."