కిటికీ వైపు తిరిగి నిలబడ్డ పంతులమ్మ

మా ఇంగ్లీషు పంతులమ్మ పోయారని పోయిన నెల వాళ్ళ అబ్బాయి ఫోను చేసి చెప్పాడు. "పొద్దున చాయ్ తాగింది అక్కా. గ్లాసు కింద పెట్టి కుర్చీలనే కన్ను మూసింది. ఎవ్వల్ని తిప్పలు పెట్టలేదు," అన్నాడు. నేను బస్సెక్కి నల్గొండ చేరేసరికి ప్రార్థన అయిపోయి అందరూ సమాధుల తోటలో ఉన్నారు.

పాస్టరు గారు నన్ను గుర్తుపట్టి, "టీచరమ్మ దగ్గర నిజాం కాలంల సదువుకున్న పెద్దమ్మ వచ్చింది. ఆమె మంచితనం గురించి రెండు మాటలు చెప్తది," అన్నారు. నేను లేచి నిలబడ్డాను. ఏం చెప్పాలా అని ఆలోచిస్తున్నాను. కొంచెం సేపు పట్టింది. వెనక నుంచి ఎవరో, "ముసలామెకు యాదికి వస్తలేనట్టున్నది. కూసోబెట్టుండ్రి, పాపం," అన్నారు. ఇంకెవరో చెయ్యి పట్టి కూర్చోబెట్టారు.

నేను మరిచిపోయింది ఏమీ లేదు. చెప్పదలుచుకున్నది ఆమె సిగ్గుపడ్డ ఒక దినం గురించి. పెట్టె ఇంకా మట్టిలోకి దిగకముందే అది చెప్పవచ్చునా, కూడదా అన్నది తేలక ఆగాను. ఇప్పుడు తేలింది కనుక రాస్తున్నాను. ఇంట్లో పాల లెక్క కూడా తప్పనివ్వని మనిషిని. ఆమె గురించి ఎక్కువ చేసి రాస్తే ఆమెకే నచ్చదు.

మాది గొర్ల మంద ఉన్న ఇల్లు. ఊరు నల్గొండకు నడిచి పోయేంత దూరం. బాపుకు అక్షరం రాదు. పంతులమ్మ ఒకసారి మా ఊరి మీదుగా పోతూ, నేను గొర్రెపిల్లలకు పేర్లు పెట్టి పిలుస్తుంటే విని ఆగి, నన్ను బడికి పంపమని బాపును అడిగారు. ఆమె వాళ్ళ నాయిన కూలి చేసిన మనిషి. ఆమె క్రైస్తవ మిషను బడిలో చదివి పంతులమ్మ అయ్యారు. కూలి ఇంటి బిడ్డ ఎందుకు అడుగుతున్నదో బాపుకు అర్థమైంది. కానీ షరతు పెట్టాడు. ప్రతి ఏడాది మా బడి నుంచి ఒక పిల్లను హైదరాబాదులో ఉండి చదువుకోవడానికి ఎంపిక చేసేవారు. "ఆడికి పోయేటట్టయితే సదువు. లేకుంటె మందకాడికి రావాలె," అన్నాడు.

బడిలో పాఠాలన్నీ ఉర్దూలో. ఇంట్లో తెలుగు. ఇంగ్లీషు రోజుకు ఒక గంట. ఆ గంటలో పంతులమ్మ నల్లబల్ల మీద థింక్ అని రాసి, దాని పక్కన జాగా వదిలేవారు.

"మన మాటల మంచిగ ఆలోచించు అంటం. ఎట్ల అన్నది ముందుగాల వస్తది. ఇంగ్లీషుల ముందు ఆలోచన పెట్టాలె. ఎట్ల ఆలోచించినవో దాని ఎన్కకు చెప్పాలె," అనేవారు.

ఆ ఖాళీ జాగాలో రోజుకొక మాట వచ్చి చేరేది. థింక్ కేర్‌ఫుల్లీ. థింక్ క్లియర్లీ. థింక్ అగెయిన్. అది పాఠంతో అయిపోలేదు, మాకు అలవాటైంది. ఎవరు ఏ జవాబు చెప్పినా, ఏ పని చేసినా, ఎట్లా ఆలోచించి చేశారో లేచి నిలబడి, చేతులు కట్టుకుని ఇంగ్లీషులో చెప్పాలి. వకీలు గారి బిడ్డ ఒకనాడు పక్క పిల్ల రొట్టె తిని దొరికిపోయింది. "ఐ థాట్ హంగ్రిలీ, టీచర్," అన్నది. పంతులమ్మ నల్లబల్ల వైపు తిరిగి నవ్వు ఆపుకోలేక, తమ డబ్బాలోని రొట్టె తీసి నష్టపోయిన పిల్లకు ఇచ్చారు. "ఐ థాట్ రాంగ్లీ" అంటే దెబ్బ లేదు. తక్కిన గంటల్లో తప్పు జవాబుకు బెత్తం ఉండేది. ఆ గంటలో తప్పును కూడా జవాబులాగే వినేవారు.

ఆమెకు ఇంకో అలవాటు ఉండేది. ప్రశ్న అడిగి కిటికీ వైపు తిరిగి నిలబడేవారు, సుద్దముక్క ఉన్న చెయ్యి వెనక్కి పెట్టుకుని. ఎదురుగా గుట్ట తప్ప చూడడానికి ఏమీ ఉండేది కాదు. ఎందుకట్లా అని నేనొకసారి అడిగాను. "మొఖం చూస్తె పిల్ల నాకోసం చెప్తది. చూడకుంటె తనకోసం చెప్తది," అన్నారు.

ఎంపిక కోసం ఇన్‌స్పెక్టరమ్మ హైదరాబాదు నుంచి వచ్చింది. పట్టు చీర, పెద్ద చేతిగడియారం. ఆ ముందటి వారమే మా పంతులమ్మతో ఎవరో అన్నారట, ఇంకా ఖాయం కాని ఉద్యోగాల్లో కొన్ని తీసేస్తారని. ఆమె మీద తల్లి, ఇద్దరు తమ్ముళ్ళు ఆధారపడి ఉన్నారు. ఇదంతా నాకు తరువాత తెలిసింది. ఆ పొద్దున నాకు కనబడింది ఆమె చీర కొంగును మాటిమాటికి సర్దుకోవడమే.

ఇన్‌స్పెక్టరమ్మ నన్నే లేపింది. ఏ కాలం అంటే నీకు ఇష్టం, ఎందుకు, అని ఇంగ్లీషులో అడిగింది. పుస్తకంలో జవాబు ఉంది. వసంతం ఇష్టం, పూలు పూస్తాయి, కోయిల కూస్తుంది. అది నాకు నోటికి వచ్చు. కానీ ఆలోచించి చెప్పడం అలవాటైంది కదా. వానకాలం గడ్డి మంచిదే, కానీ తడికి గొర్రెపిల్లలు దగ్గి చచ్చిపోతాయి. ఎండకాలం మందను తోలుకుని బాపు కృష్ణ ఒడ్డుకు పోతాడు, నెలల తరబడి కనబడడు. అట్లా ఒక్కొక్కటే తీసి పక్కన పెడుతూ పంతులమ్మ వైపు చూశాను, కిటికీ వైపు తిరుగుతారని.

ఆమె తిరగలేదు. ఇన్‌స్పెక్టరమ్మ గడియారం చూసుకుంటుంటే ఆమె మొఖమే చూస్తూ ఉర్దూలో అన్నారు, "ఈ పిల్లకు రాదమ్మా. గొర్రెల దగ్గరి నుంచి వచ్చిన పిల్ల." తరువాత నాకు కూర్చోమని సైగ చేశారు. వకీలు గారి బిడ్డ లేచి వసంతం గురించి గడగడ చెప్పింది. ఎంపికైంది. ఇన్‌స్పెక్టరమ్మ మా పంతులమ్మను మెచ్చుకుని పోయింది.

నేను మరునాటి నుంచి మందకాడికి పోయాను. సిగ్గు నాకే అనిపించింది. గొర్రెల దగ్గరి పిల్లనన్న మాటలో అబద్ధం ఏముంది? ఏటి ఒడ్డున కూర్చుని నా లంగాను ఇసుకతో తోమి తోమి ఉతికాను, వాసన పోవాలని. బాపు చూసి తల తిప్పుకుని మంద వైపు పోయాడు. నేనూ అతని మొఖం చూడలేదు.

అప్పట్లో శుక్రవారమే బడికి సెలవు. ఆ శుక్రవారం పంతులమ్మ ఎండలో నడుచుకుంటూ మా దొడ్డి దగ్గరికి వచ్చారు. పాదాల నిండా దుమ్ము. బాపు గొంగడి దులిపి పరిచాడు.

"కూసోండ్రి పంతులమ్మా. ఇంత మజ్జిగ తాగుతరా?"

ఆమె కూర్చోలేదు. నా ఎదురుగా నిలబడ్డారు. మేము తరగతిలో నిలబడేటట్టు, చేతులు కట్టుకుని. "ఐ థాట్ మీన్లీ," అన్నారు.

ఆ మాట మా నల్లబల్ల మీదికి ఎప్పుడూ రాలేదు. నేను తెల్లమొఖం వేశాను. "మీన్లీ అంటే నీచంగ," అన్నారు, నాకొక్కదానికే వినబడేటట్టు. "నీ గురించి నీచంగ ఆలోచించిన. నా నౌకరి కోసం. గీ మాట మీ బాపుకు చెప్పు."

"ఏమంటాంది బిడ్డా?" అన్నాడు బాపు.

పంతులమ్మను పట్టుకుని నీచం అనే మాట నేనెట్లా అనేది? "జర పొరపాటైందంటాండ్రు బాపు," అన్నాను.

"గట్ల కాదు. ఎట్ల ఆలోచించిన్నో గది చెప్పు. నా నోటితోని చెప్తె మీ బాపు మర్యాదకు వద్దంటడు. నువ్వు చెప్తె వింటడు," అని ఆమె అటు తిరిగి, మంద వైపు చూస్తూ నిలబడ్డారు. చెయ్యి వెనక్కి పెట్టుకున్నారు.

ఎంతసేపు పట్టిందో. గొర్లు కదులుతున్నాయి. బాపు మజ్జిగ ముంత పట్టుకుని నిలబడే ఉన్నాడు. చివరికి చెప్పాను, బడిలో ఏం జరిగిందో, ఆమె ఏమన్నారో, ఇప్పుడు ఆమె తన గురించి ఏమంటున్నారో.

బాపు విని, "గొర్లకాడి పిల్లనే గద పంతులమ్మా. దాంట్ల నీచమేమున్నది?" అన్నాడు. నిజంగానే అడిగాడు.

పంతులమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. నేను నేల వైపు చూశాను. ఉతికి ఉతికి రంగు పోయిన నా లంగా కనబడింది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

కొంతసేపటికి ఆమె గొంగడి మీద కూర్చుని మజ్జిగ తాగారు. "ఆ దినం ఏం చెప్పబోయినవే?" అని నన్ను అడిగారు.

"చలికాలం."

"ఎందుకు?"

"మంద ఊర్లనే ఉంటది. బాపు ఇంట్ల తింటడు."

బాపు ఏదో పని ఉన్నట్టు దొడ్డి తడిక దగ్గరికి పోయాడు. కట్టు బాగానే ఉన్న తడికను విప్పి మళ్ళీ కట్టాడు. కడుతూ అటు నుంచే, "రేపు బడికి తోలిస్త," అన్నాడు.

ఆ ఏడాది హైదరాబాదు దక్కలేదు. పంతులమ్మ ఇన్‌స్పెక్టరమ్మకు ఉన్నదున్నట్టు రాస్తే జవాబు కూడా రాలేదు. మరుసటి ఏడు మళ్ళీ తనిఖీ జరిగినప్పుడు, నన్ను లేపగానే మా పంతులమ్మ ఇన్‌స్పెక్టరమ్మతో, "కొంచెం సేపు పడతదమ్మా, ఆగాలె," అని కిటికీ వైపు తిరిగారు. నేను ఆలోచించి చెప్పాను. ఎంపికయ్యాను. ఆమె ఉద్యోగానికి ఏమైతుందో అని ఆ కాసేపు భయపడింది నేనే, ఆమె కాదు.

తరువాత నేనూ పిల్లలకు పాఠం చెప్పాను, ఇల్లు నడిపాను, మనుమలను దండించాను. ఎందరి తప్పులనో పట్టుకున్నాను. ఒక పిల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడి, నేను ఇట్లా ఆలోచించాను అని చెప్పడం మాత్రం నాకు చేతకాలేదు. దాని ముందు నేను నేర్చిన ఇంగ్లీషు ఎంత?

సమాధుల తోటలో నన్ను కూర్చోబెట్టినప్పుడు అందరూ నా మొఖం వైపే చూస్తున్నారు, జాలిగా. పంతులమ్మ ఒక్కరే చూడలేదు. నాకు అట్లాగే అనిపించింది. పాదాల నిండా దుమ్ముతో, చెయ్యి వెనక్కి పెట్టుకుని, మా మంద వైపు తిరిగి నిలబడ్డారు. నేను చెప్పేదాకా ఆగుతారు.