అప్పన్న జ్వరానికి పేరు దొరికిన రోజు

అండమాన్‌లో బీచ్‌లు చూడడం అయిపోయాక కూడా నాకు ఒక రోజు మిగిలింది. అక్కడే గోల్ ఘర్ పేటలో ఉండే మా వదిన సావిత్రి నర్సు. అడవి అంచున పనిచేసేవాళ్లకు పిడుదులు కుట్టి, తెలియకుండానే వైరస్ జ్వరం సోకిందేమోనని రక్తపరీక్షలు చేయించే బృందంలో ఉంది. ఫలితాలు చెప్పడానికి బయల్దేరుతూ "నువ్వూ రా" అంది.

ఉదయం ఆరింటికి చాతం రేవులో ఫెర్రీ ఎక్కాం. టికెట్‌కు జేబులో చిల్లర సరిపోయింది. అవతలి ఒడ్డున వానకు తడిసిన కొండ ఆవిరిలో కరిగిపోతూ, మళ్లీ తేలుతూ కనిపించింది. బంబూఫ్లాట్‌లో దిగి షోల్ బే బస్సు పట్టుకున్నాం. గంట గడిచేసరికి దారికి రెండువైపులా వక్కతోటలే. ఆకుల మధ్య నుంచి దిగే పచ్చటి వెలుతురులో నీళ్ల అడుగున నడుస్తున్నట్టు అనిపించింది.

బస్సు దిగి వెళ్లేసరికి, వదిన జాబితాలో మొదటి మనిషి అప్పన్న తన ఇంటి ముందు ఆవుకు గడ్డి వేస్తున్నాడు. వాళ్ల తాత శ్రీకాకుళం నుంచి వచ్చాడట. ఇతను ఇక్కడే పుట్టాడు. రెండేళ్ల కిందట తోటపనిలో జ్వరం తగిలింది. జ్వరం తగ్గినా నెలల తరబడి సత్తువ రాలేదు. కామ్‌చోర్, పనిదొంగ అని మేస్త్రీ పనిలోంచి తీసేశాడు.

వదిన కాగితం విప్పింది. "భయ్యా, మీ రక్తంలో పిడుదు జ్వరం ఆనవాళ్లున్నాయి. అప్పట్లో వచ్చింది అదే అయ్యుంటుంది. ఇప్పుడేం భయం లేదు."

అప్పన్న చేతిలోని గడ్డి కింద పడేసి ఇంట్లోకి కేకేశాడు. "పార్వతీ, సునా క్యా, ఇన్నావా? జబ్బేనంట! నాను బద్దకించి తొంగోలేదే!"

భార్య గుమ్మంలోకొచ్చి ఆగిపోయింది. "నానూ నమ్మనేదు దీదీ. పనికెల్లమని రోజూ తిట్టీసినాను" అంటూ కొంగుతో కళ్లొత్తుకుంది. అతను వెళ్లి ఆమె పక్కన నిలబడ్డాడు.

"మేస్త్రీకి చూపిస్తారా?" అన్నాను.

"ఛోడో సార్, ఒగ్గేయండి. ఇది నమ్మింది, చాలు." చొక్కా వేసుకుంటూ వదిన వైపు తిరిగాడు. "చలో దీదీ. ఈ దారిలో ఇంకో ముగ్గురికి ఇలాగే జొరమొచ్చింది. ఇళ్లు సూపిత్తాను."

తిరుగు ఫెర్రీలో అలల మీద ఎండ ఊగుతుంటే నాకు మగతగా ఉంది. పేరు తెలియని జబ్బు మనిషి ఒంటితో పాటు అతని మాట విలువనూ తినేస్తుందని ఆ రోజే తెలిసింది. అటువైపు వెళ్లేవాళ్లు పిడుదులు ఎక్కకుండా పొడుగు చేతుల చొక్కా వేసుకుని, ప్యాంటు అంచులు మేజోళ్లలోకి దోపుకోండి. తర్వాత ఎప్పుడైనా జ్వరం వస్తే, డాక్టరు అడక్కపోయినా సరే, అడవిలో తిరిగానని మీరే చెప్పండి.