కంచు నాలుక

"నిజంగా లేత్ పని వచ్చా, లేక రెజ్యూమేలో రాసుకున్నావా?" అంకుల్ నన్ను అడిగిన మొదటి మాట ఇదే.

నాకు కోపం రాలేదు. అప్పటికి కెనడాలోని హామిల్టన్ వచ్చి ఏడు నెలలు. మా స్టూడెంట్స్ ఎంతమంది దిగారంటే, కాలేజీ బస్సు వెనక సీట్లన్నీ తెలుగే మాట్లాడేవి. కాలేజీల దొంగ ఆఫర్ లెటర్ల వార్తలు, ఫుడ్ బ్యాంకుల్లో ఉచిత సరుకులు తెచ్చుకుంటూ మనవాళ్లు తీసిన వీడియోలు అందరి ఫోన్లలో తిరుగుతున్న రోజులు. ఎప్పుడో వచ్చి స్థిరపడిన తెలుగువాళ్లు మమ్మల్ని పలకరించేవాళ్లే, కానీ ఏ కాలేజీ, ఏ ఏజెంటు అని రెండో మాటలోనే ఆరా తీసేవాళ్లు. "లేత్ పని తెలిసిన తెలుగువాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని వాట్సాప్ గ్రూపులో ఆయన మెసేజ్ చూడగానే నేనే చేయెత్తాను. బాలానగర్‌లో మా నాన్న షెడ్డులో పదేళ్లు పనిచేశాను. ముప్పై దాటాక సప్లై చెయిన్ కోర్సు పేరుతో ఇక్కడికొచ్చి, వేర్‌హౌస్‌లో డబ్బాలకు స్టిక్కర్లు అంటిస్తున్నాను. లోహం ముట్టుకోక చేతులు తహతహలాడేవి.

అనుమానం నాకూ లేకపోలేదు. ముక్కూమొహం తెలియని ముసలాయన, ఎవరూ లేని బోట్ యార్డుకు రమ్మంటున్నాడు. మా రూమ్మేట్ నా చేత లైవ్ లొకేషన్ ఆన్ చేయించి గానీ గడప దాటనివ్వలేదు. తీరా వెళ్తే ఆయన భార్య, ఆంటీ కూడా ఉన్నారు. ఊపిరి పీల్చుకున్నాను.

అంకుల్‌ది మచిలీపట్నం. స్టీల్ కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు. ఆయన తెరచాప పడవకు దాదాపు యాభై ఏళ్లుంటాయి. చలికాలమంతా ఇనుప కాళ్ల మీద నిలబెట్టి, పైన ప్లాస్టిక్ కప్పి ఉంచారు. దాని విన్చ్ పాడయింది. తెరచాప తాడును చుట్టి బిగించే డ్రమ్ అది. లోపల గోరంత కంచు ముక్కలు రెండుంటాయి. డ్రమ్ ఒకవైపే తిరిగేలా, వెనక్కి జారకుండా అవి పళ్ల చక్రానికి అడ్డంపడతాయి. వాటిని పాల్ అంటారట. నేను నాలుక అనేదాన్ని. ఒక నాలుక కొస విరిగిపోయింది. విన్చ్ తయారుచేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. అంకుల్ రెండేళ్లుగా ఇంటర్నెట్‌లో, పాత సామాన్ల కొట్లలో వెతికి విసిగిపోయారు. రెండో నాలుక చెక్కుచెదరలేదు. దాన్ని చూసి కొత్తవి చెయ్యాలి. మాకున్న నమూనా అదొక్కటే.

"ఇది పోతే పడవ పోయినట్టే," అని నా అరచేతిలో పెట్టారు.

ఆ మధ్యాహ్నం పడవ మీదే కూర్చుని కొలతలు సగం తీసుకున్నాను. యార్డు పక్కనున్న సరస్సు గాలికి వేళ్లు కొయ్యబారిపోతున్నాయి. ఇంతలో ఆంటీ నిచ్చెన ఎక్కుతూ కేకేస్తే, పట్టుకోవడానికి పరుగెత్తాను. క్యారేజీలో పులిహోర తెచ్చారు. తిని, చేతులు తుడుచుకుని చూస్తే, విన్చ్ ముక్కలు పెట్టుకున్న ప్లేటులో నాలుక లేదు.

ముగ్గురం డెక్కంతా వెతికాం. కింద కంకర్లో మోకాళ్ల మీద పాకాం. చివరికి అంకుల్ లేచి నిలబడ్డారు.

"అమ్మాయ్, ఏమీ అనుకోకు. నీ బ్యాగు ఒకసారి తెరువు."

"ఏంటండీ ఆ మాట!" అన్నారు ఆంటీ.

"అంకుల్, అది తీసుకపోయి నేనేం చేసుకుంట?"

"పాతవాటి కోసం వెతికేవాళ్లుంటారు. అమ్మేవాళ్లూ ఉంటారు."

బ్యాగు బోర్లించాను. టిఫిన్ బాక్సు, కాలేజీ ఐడీ, వేర్‌హౌస్ గ్లవ్స్, సగం తిన్న బిస్కెట్ ప్యాకెట్టు డెక్కు మీద పడ్డాయి. ఆయన వంగి ఒక్కొక్కటీ చూశారు. ఆ చూడటం ఇప్పటికీ నా కళ్లముందే ఉంది. తర్వాత, "సారీ అమ్మా, నీ దగ్గర లేదు, నమ్ముతున్నాను," అన్నారు. నేను బ్యాగు సర్దుకుని నిచ్చెన దిగిపోయాను.

బస్టాపులో కోటు జేబులో చెయ్యి పెట్టాను. వేలు చిల్లులోంచి లోపలికి పోయింది. లైనింగ్ అడుగున, అంచు కుట్టు దగ్గర, చల్లగా ఏదో తగిలింది.

నాలుకే. నిచ్చెన పట్టుకోవడానికి పరుగెత్తినప్పుడు జేబులో వేసుకున్నానన్నమాట. ప్లేటులో పెట్టానని ఒట్టేసి చెప్పగలిగేదాన్ని.

బస్సు వచ్చింది, పోయింది. ఎదురుగా చెత్త డబ్బా ఉంది. అందులో వేసేస్తే నేను నిజాయితీపరురాలిని. తీసుకెళ్లి ఇస్తే దొంగని. మా నాన్న అయితే క్షణం ఆలోచించేవాడు కాదేమో. నేను మాత్రం ఇంకో బస్సు కూడా వదిలేశాను. తిరిగి నడవడం మొదలుపెట్టింది మంచితనంతో అని చెప్పలేను. అంత పనితనమున్న ముక్కను చెత్తలో పడేయడానికి చెయ్యి రాలేదు, అంతే.

వాళ్లు కారెక్కబోతున్నారు. నాలుక అంకుల్ చేతిలో పెట్టి జరిగింది చెప్పాను. ఆంటీ నా జేబును బయటికి లాగి, చిల్లులోంచి వేళ్లు దూర్చి చూపించారు. "చూడండి, ఎంత చిరిగిపోయిందో!"

అంకుల్ చిల్లు వంక చూశారు, నా మొహం వంక చూశారు.

"ఇప్పుడు చింపినా అలాగే ఉంటుంది," అన్నారు.

"ఛీ, ఏం మనిషండీ మీరు!"

"ఇందాక నమ్మాను. ఇప్పుడే నమ్మలేకపోతున్నా." ఆ మాటలో కోపం లేదు. అలసట ఉంది. "భయపడి తెచ్చావా, దొరికి తెచ్చావా, నాకెలా తెలుస్తుందమ్మా?"

"తెల్వదు అంకుల్. నేనెట్ల చెప్పినా తెల్వదు," అన్నాను. "పని చెయ్యమంటరా, పొమ్మంటరా?"

అంకుల్ కారు తలుపు తీసి పట్టుకున్నారు. "శనివారం రా," అన్నారు చివరికి.

శనివారం వాళ్ల గరాజులో చిన్న లేత్ ముందు నిలబడ్డాను. కోటు నేనే బయట మేకుకు తగిలించాను. అంకుల్ స్టూలు లాక్కుని పక్కనే కూర్చున్నారు, రోజంతా కదల్లేదు. కంచు కడ్డీని తిప్పి గుండ్రటి భాగం తీశాను. కొసను ఆకురాయితో రుద్దుతూ, పాతదాని పక్కన పెట్టి వెలుతురులో చూసి, మళ్లీ రుద్దాను. మొదటిది పాడయింది. రెండోది కుదిరింది. నా చేతుల మీద నుంచి ఆయన చూపు తప్పుకోలేదు. కాపలా కాస్తున్నారో, పని చూస్తున్నారో సాయంత్రానికి కూడా తేల్చుకోలేకపోయాను. అదనంగా ఇంకో రెండు చేసిపెట్టాను.

మే నెలలో క్రేన్‌తో పడవను నీళ్లలోకి దించారు. నన్నూ ఎక్కించుకున్నారు. గాలి తెరచాపను లాగుతుంటే తాడు బిగుసుకుంది, విన్చ్ టకటకా తిరిగి ఆగింది, వెనక్కి జారలేదు. అంకుల్ డ్రమ్ము మీద చెయ్యి వేసి చాలాసేపు అలాగే ఉన్నారు. కానీ నేను మంచినీళ్ల కోసం కింది గదిలోకి దిగితే, ఆయన కూడా వెనకే దిగారు.

ఏడాది తర్వాత సస్కటూన్ అనే ఊళ్లో వ్యవసాయ యంత్రాల షాపులో ఉద్యోగానికి అప్లై చేశాను. వేరే దారిలేక ఆయన పేరే రిఫరెన్సుగా ఇచ్చాను. ఉద్యోగం వచ్చింది. మొదటివారం సూపర్‌వైజర్ నవ్వుతూ అన్నాడు, "మీ పెద్దాయన విచిత్రమైన మనిషి. నీ చేతి పనికి పూచీ తనదన్నాడు. మనిషి ఎలాంటిదని అడిగితే, నాకూ తెలీదు, మీరే చూసుకోండి అన్నాడు."

నేనూ నవ్వాను. ఆ రాత్రి ఆంటీకి ఫోన్ చేసి ఉద్యోగం సంగతి చెప్పాను. అంకుల్‌కి ఇవ్వనా అని అడిగారు. వద్దన్నాను.