జ్ఞానాంబ వేసిన దావా

హోసూరులో బట్టలకొట్టు శ్రీరంగయ్య పోయాక, ఆయన భార్య జ్ఞానాంబకు కొట్టుతో పాటు ఒక రాని బాకీ కూడా మిగిలింది. రాయకోట దారిలో చెన్నరాయప్ప అనే రైతు, ఫ్యాక్టరీలు వస్తున్నాయని విని, తన పొలంలో బాడుగ ఇళ్లు కట్టడం మొదలుపెట్టాడు. ఆ ఆస్తినే శ్రీరంగయ్యకు తాకట్టు పెట్టి అప్పు తీసుకున్నాడు. నాలుగిళ్లకే కప్పు పడింది. బాడుగలు అంతంతమాత్రం. వడ్డీ కూడా ఆగిపోయింది.

1979లో జ్ఞానాంబ కృష్ణగిరి వెళ్లి వకీలు శ్రీనివాసమూర్తిని కలిసింది. తాకట్టు ఉంది కదా అని పోయి ఇళ్లకు తాళం వేయడానికి వీల్లేదని ఆయన చెప్పాడు. చెన్నరాయప్ప ఒప్పుకుంటే బాకీ కింద రాయించుకోవచ్చు. లేకపోతే దావా వేయాలి. కోర్టు గడువిస్తుంది, అప్పటికీ కట్టకపోతే వేలం వేస్తుంది.

చెన్నరాయప్ప రాసివ్వనన్నాడు. దావా పడింది.

ఒకసారి జడ్జి సెలవు, ఇంకోసారి అవతలి వకీలు రాలేదు. వాయిదా పడిన ప్రతిసారీ కొట్టు మూసి బస్సెక్కడమే. నాలుగేళ్లకు డిక్రీ వచ్చింది, గడువూ దాటింది. వేలం రోజున ఎవరూ పాడలేదు. తెలిసినవాడి ఇల్లు పాడుకుని పగ తెచ్చుకోవడం ఎవరికిష్టం? మళ్లీ వేలం పెట్టేలోగా చెన్నరాయప్ప గుండెనొప్పితో పోయాడు. పిల్లలు లేరు. ఆయన స్థానంలో భార్య సుబ్బక్కను చేర్చడానికి ఇంకో అర్జీ, ఇంకొన్ని వాయిదాలు.

జ్ఞానాంబ, సుబ్బక్క ఇద్దరూ ఒకే కోర్టు వరండాలో కూర్చునేవాళ్లు, మొహాలు తిప్పుకుని. ఒక మధ్యాహ్నం మళ్లీ వాయిదా పడింది. బస్టాండులో హోసూరు బస్సు ఎంతకీ రాలేదు. నీడ ఉన్న బెంచీ ఒకటే కావడంతో పక్కపక్కనే కూర్చున్నారు.

"ఆయన చేసినాడు, ఆయన పోయినాడు. నేనీడికి తిరగతా ఉండాను," అంది సుబ్బక్క.

"మా ఇంట్లోనూ అంతే. నాకింక చాతకావడం లేదు సుబ్బక్కా."

సుబ్బక్క ఆమె వైపు తిరిగింది. "మూడిళ్లు నువ్వు రాయించుకోమ్మా. ఒగటి నాకు ఇడిసిపెట్టు. ఆడే పడుంటాను."

మూడిళ్లతో బాకీ తీరదని జ్ఞానాంబకు తెలుసు. బస్సు వచ్చి, ఎక్కి, దారిలో శూలగిరి దాటాక, వకీలుతో చెబుతానని మెల్లగా అంది.

వకీలు వద్దన్నాడు. కోర్టు అనుమతి తీసుకుని వేలంలో ఆమే పాడుకోవచ్చు, నాలుగిళ్లూ వస్తాయి అన్నాడు. ఎన్నాళ్లు పడుతుందని ఆమె అడిగింది. చెప్పలేనన్నాడు. అయితే రాజీ రాయమంది.

1986లో కోర్టు ఆ రాజీని ఒప్పుకుంది. ఇళ్లకు మరమ్మతులు చేయించే ఓపిక లేక జ్ఞానాంబ మూడింటినీ వచ్చిన ధరకు అమ్మేసింది. ఖర్చులు పోగా అసలు కూడా రాలేదు. ఆడదని మోసం చేశారని బంధువులు అన్నారు. జ్ఞానాంబ వాళ్లకు కాఫీ ఇచ్చి పంపించి, కాసేపు నడుం వాల్చింది.