ఒక్క రోజు పట్టుకునే గడియారం

నిజామాబాద్ నుంచి బోధన్ పోయే బస్సులో, మా టెలిఫోన్ ఎక్స్‌ఛేంజికి సెకను తప్పని టైము ఇచ్చే రెండు జీపీఎస్ రిసీవర్ల బొమ్మలున్న కాగితాలు ముందేసుకుని, ఏది కొనాలో తేల్చుకోలేక కూర్చున్నాను. పక్క సీట్లో ఉన్న ముసలమ్మ అవేమిటని అడిగింది.

“రెండూ ఉపగ్రహాల నుంచే టైము తీసుకుంటయి అవ్వా. పైనుంచి సిగ్నల్ ఆగిపోతే మొదటిది తప్పుతది. రెండోది సిగ్నల్ లేకున్నా సొంతంగ టైము పట్టుకుని ఉంటది.”

ఆమె రెండో బొమ్మ మీద వేలు పెట్టింది.

“మా ఇంటాయన చక్కెర ఫ్యాక్టరీల పని చేస్తుండె. సైరన్ కూయంగనే నేను ఎసరు పెడుతుంటి. ఆయన పోయిండు. ఎనకనే సైరన్ గూడ బందైంది. అయినా గా యాళ్లకు చెయ్యి ఊకోదు బిడ్డా. ఇయ్యాల్టికి గూడ ఇద్దరికి సరిపోను బియ్యం కడుగుత.”

బస్సు చెరకు లారీల వెనక మెల్లగా పోతోంది.

“గిది ఎన్ని దినాలు పట్టుకుంటది?” అని ఆమె అడిగింది.

“ఒక్క రోజు అవ్వా.”

“గంతేనా?” అంటూ బొమ్మ మీంచి వేలు తీసేసింది. ఎడపల్లిలో దిగిపోయింది.

ఆ రెండోదే కొన్నాం. దాని గొప్పేమిటని ఎవరైనా అడిగితే, సిగ్నల్ లేకపోయినా ఒక రోజంతా నిలబడుతుందని చెప్పడానికి నాకెప్పుడూ నోరు రాలేదు.