ట్యాంకరు వరుసలో బుడిపె కుట్టు

మా అపార్టుమెంటు ముందు నీళ్ళ ట్యాంకరు ఆగినప్పుడల్లా డీజిలు పొగా, తడిసిన దుమ్మూ కలిసిన వాసన మూడో అంతస్తు దాకా ఎక్కి వస్తుంది. డ్యూటీ నుంచి వచ్చి చెప్పులైనా విప్పకుండా కుర్చీలో కూలబడిన నాకు లేచి కిటికీ మూయడానికి కూడా ఓపిక ఉండదు. కళ్ళు మూసుకుంటే శింగనమల దారిలోని మా ఊరూ, పదేళ్ళ నేనూ, ఎండలో వరుసగా కాసుకుని ఉన్న ఖాళీ బిందెలూ కనబడతాయి.

ఆ ఏడు కూడా వాన మొహం చాటేసింది. బోర్లలో బురద రావడం కూడా ఆగిపోయింది. ఉగాదికి ఓలిగలు, అదే బొబ్బట్లు, చేసిన ఇళ్ళు మా వీధిలో రెండో మూడో. నాయన బెంగళూరికి మట్టిపనికి పోయాడు. అమ్మ పొద్దున్నే సంగటి ముద్దా, ఊరిబిండి పచ్చడీ మూటగట్టుకుని, సర్కారు పెట్టిన కరువు పనికి పోయి, రోడ్డుకి కంకర కొట్టి, దీపాలు పెట్టే వేళకు వచ్చేది. రోజు విడిచి రోజు వచ్చే ట్యాంకరు దగ్గర ఇంటికి నాలుగు బిందెల చొప్పున పట్టడం నా పని. అది పదకొండుకి రావచ్చు, మూడింటికి రావచ్చు. బిందెలు వరుసలో పెట్టేసి, పిల్లలం అచ్చనగిళ్ళు ఆడి ఆడి విసుగొచ్చి, కానుగ చెట్టు నీడ జరిగే కొద్దీ మేమూ జరుగుతూ కూర్చునేవాళ్ళం. ముసలవ్వలు వక్కాకు నములుతూ, లోకంలోని ట్యాంకరు డ్రైవర్లందర్నీ తిడుతూ ఉండేవాళ్ళు.

ఆ నీడలోనే సరోజక్క క్రోషా అల్లేది. ధర్మవరం నుంచి మా పక్కింటికి కోడలిగా వచ్చిన మనిషి. చేతులు ఊరికే ఉంచడం ఆమెకు తెలియదు. నేను గుడ్లప్పగించి చూస్తుంటే ఒకరోజు పాత కొక్కెం సూదీ, మిగిలిపోయిన తెల్లదారం ఉండా నా ఒళ్ళో వేసింది. గొలుసూ, సాదా కుట్టూ వారంలో వచ్చాయి. నాకు కావలసింది మాత్రం ఆమె దిండు గలీబు మీద శనగగింజల్లా లేచిన బుడిపెలు.

"దారం సుట్టు, బొక్కలో దూర్చు, లాగు, సగంలో నిలుపు. అదే బొక్కలో అయిదుసార్లు. కొక్కెం మింద ఆరు ఉచ్చులు నిలుస్తాయి. అన్నిట్లోంచీ ఒక్కసారే లాగల్ల" అని చెప్పేది.

నా ఉచ్చులు బిగుసుకుపోయి కొక్కెం నాలుగో దాంట్లో ఇరుక్కునేది. బలంగా లాగితే దారం చీలేది; వదులుగా పడితే అన్నీ జారిపోయేవి. చెమట చేతుల్లో తెల్లదారం ఎర్రమట్టి రంగుకి తిరిగింది.

"అంత బిగబట్టొద్దు మే, యాడికీ పారిపోదు" అని సరోజక్క నవ్వేది. విప్పి, అల్లి, మళ్ళీ విప్పి, మూడు ట్యాంకర్లు వచ్చిపోయినా ఒక్క బుడిపె నిలవలేదు.

నాలుగో ట్యాంకరు రోజు, కొక్కెం మీద ఆరు ఉచ్చులుండగా హారను వినబడింది. "లెయ్ మే, వచ్చినాది!" అంటూ సరోజక్క తన బిందెల వైపు పరుగెత్తింది. లేస్తే జారిపోతాయని, ఇదొక్కటి లాగి లేద్దామనుకున్నాను. లాగాను. ఆరింటిలోంచీ కొక్కెం మెత్తగా బయటికొచ్చింది. అల్లిక తిప్పి చూస్తే అవతలివైపు గుండ్రంగా, గట్టిగా బుడిపె! నిజంగా వచ్చిందో, పొరపాటున వచ్చిందో చూద్దామని ఇంకొకటి వేశాను. అదీ వచ్చింది. ఆ తర్వాత మరొకటి, ఇంకా మరొకటి. తలెత్తేసరికి డ్రైవరు పైపు చుట్టేస్తున్నాడు. సరోజక్క నీళ్ళెత్తుకుని ఇంటికి పోయింది. ఎవరో పక్కకు తన్నిన నా బిందెలు నాలుగూ రోడ్డు వార దొర్లి ఉన్నాయి.

అమ్మ వచ్చింది. కనుబొమల నిండా కంకర దుమ్ము. కుండ మూత తీసి చూసి, "ట్యాంకరు రాల్యాదా?" అంది.

"రాల్యాదమ్మా" అన్నాను.

ఆమె వచ్చింది ఆ దారినే. ట్యాంకరు కారిన చోటి బురద ఆమె పాదాలకు అంటి ఉండడం నేను చూశాను. నేను చూడడం ఆమె చూసింది. కొట్టలేదు, తిట్టలేదు. కొంగుతో మొహం పొడిగా తుడుచుకుని గడప మీద కూర్చుంది. రెండు దెబ్బలు వేసినా బాగుండేది.

కాసేపటికి సరోజక్క ఒక బిందె నీళ్ళు తెచ్చి దించింది. "పిలిచి పోయినానక్కా, ఎనక్కి తిరిగి చూడల్యా. తప్పు నాదే."

"నీకు చాలొద్దా?"

"సర్దుకుంటాంలే."

అమ్మ ఆ నీళ్ళతో సంగటి కెలికి నాకు పెట్టి, తను కాళ్ళు కూడా కడుక్కోకుండా పడుకుంది. నేను సూదిని ఇంటి కప్పులో దోపాను. ఆ వేసవంతా తీయలేదు. మరుసటేడు సరోజక్కావాళ్ళు కూడా బెంగళూరికి పోయారు.

ఇప్పుడు మా ఊళ్ళో కొళాయిలున్నాయి. కానుగ చెట్టు రోడ్డు వెడల్పు చేసినప్పుడు పోయింది. వక్కాకు నమిలిన అవ్వలు ఒక్కరూ లేరు. సరోజక్క ఎక్కడుందో ఎవర్నడిగినా తెలియదంటారు. అమ్మ నా దగ్గరే ఉంటుంది. నోటితో ఒప్పుకోలేక ఇన్నేళ్ళు లోపల మోసినది మొన్న ఆదివారం, ఆమె మోకాళ్ళకు నూనె రాస్తూ చెప్పేశాను.

"ఆ దినం ట్యాంకరు వచ్చినాదమ్మా. నేనే అబద్ధం చెప్పినా."

అమ్మ నూనె అంటిన మోకాలిని తనే ఒకసారి రుద్దుకుంది.

"ఏ దినం పాపా?" అంది. "నీళ్ళు ల్యాని దినాలు ఒగటా, రెండా?"

అని, రెండో కాలు నా ముందుకు చాపింది.